ఆకు లెక్క, ఇంటి లెక్క
కర్నూలు, కడప మెట్టల్లో పొగాకు కుటుంబాల మీద వచ్చిన రాతలు, తేలని తగవులు

పొగాకు రైతు అనగానే మన పత్రికల్లో పడే ఫొటో ఒకటే. వేలం కేంద్రం, వరసగా పేర్చిన బేళ్లు, పక్కన తల పట్టుకుని కూర్చున్న మనిషి. అది ప్రకాశం జిల్లా బొమ్మ. టంగుటూరు, కొండపి, పొదిలి, కనిగిరి కేంద్రాల్లో తీసిన బొమ్మ. దాన్నే రాష్ట్రంలోని పొగాకు కుటుంబాలన్నిటికీ అంటించి మాట్లాడటం మనకు అలవాటైపోయింది. నంద్యాల చుట్టుపక్కల నల్లరేగడిలో నాటు పొగాకో, బీడీ పొగాకో వేసే ఇంటికి వేలం కేంద్రం లేదు, పొగాకు బోర్డు రిజిస్ట్రేషన్ లేదు. పంట పోతే ఫొటో తీయడానికి జనం ఒకచోట చేరే సందర్భమూ తక్కువే.

పొగాకు సాగు మీద చర్చ 2004లో కొత్త మలుపు తిరిగింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పొగాకు నియంత్రణ ఒప్పందాన్ని భారతదేశం ఆమోదించిన ఏడు అది. ఆ ఒప్పందంలోని 17వ అధికరణం రైతులకూ కూలీలకూ ప్రత్యామ్నాయ జీవనోపాధి చూపమంటుంది. 18వది సాగులో మనుషుల ఆరోగ్యాన్నీ పర్యావరణాన్నీ కాపాడమంటుంది. అప్పటి నుంచి పొగాకు కుటుంబం ఎలా బతుకుతోందన్న ప్రశ్నకు ఎవరి జవాబు వాళ్లు తెచ్చుకున్నారు. ఆదాయం బాగుందన్నవాళ్లు ఉన్నారు, ఒళ్లు గుల్లవుతోందన్నవాళ్లు ఉన్నారు, అసలు చిక్కు పంటలో కాదు అప్పులో ఉందన్నవాళ్లూ ఉన్నారు. ముగ్గురి దగ్గరా ఆధారాలున్నాయి. ఆ ఆధారాలు కర్నూలు, కడపల నుంచి వచ్చినవి కాకపోవడమే ఈ చర్చలోని అసలు లోటు.

ఏ ఆకు, ఏ నేల

వర్జీనియా, బర్లీ, నాటు, బీడీ: నాలుగూ పొగాకే అయినా వాటి వెంట నడిచే బతుకులు వేరు. వర్జీనియా ఆకును బ్యారన్‌లో మంట వేడికి రోజుల తరబడి క్యూరింగ్ చేయాలి. బ్యారన్ కట్టాలంటే పెద్ద పెట్టుబడి, దాని లైసెన్సుకు ఒక విలువ, అద్దెకిస్తే ఒక ఆదాయం. అది ఉన్న ఇల్లు ధర బాగున్నా బాగా లేకపోయినా మళ్లీ పొగాకు వైపే చూస్తుంది. బర్లీకి ఆ మంటతో పని లేదు, గాలికి ఆరుతుంది. నాటు, బీడీ రకాలకు ఎండ చాలు. ఆరిన ఆకును కుప్పపెట్టి మండె వేస్తే రంగూ ఘాటూ వస్తాయి.

నంద్యాల లోయకు ఇటు ఎర్రమల, అటు నల్లమల. మధ్యలో కుందూ. వానాకాలపు వానలు నేలలో దిగాక నారు నాటి, భూమిలోని పదునుతోనే పంట తీసే పద్ధతి ఇక్కడిది. వందేళ్లు దాటిన నంద్యాల వ్యవసాయ పరిశోధన స్థానంలో పత్తి, జొన్న, శనగలతో పాటు పొగాకు మీద కూడా పని జరిగింది. కడప జిల్లాలో పొగాకు వేరుశనగ, పసుపు, పొద్దుతిరుగుడు పక్కన చిన్న పంటగానే ఉండిపోయింది.

దీని వల్ల వచ్చే తేడా చిన్నది కాదు. ప్రకాశంలో ‘పొగాకు కుటుంబం’ అంటే ఏళ్ల తరబడి అదే పంటను నమ్ముకున్న ఇల్లు. నంద్యాల వైపు ఈ ఏడు పొగాకు వేసిన ఇల్లు వచ్చే ఏడు శనగ వేయొచ్చు, ఆపై ఏడు పత్తికి పోవచ్చు, నాలుగో ఏట పొలం గుత్తకిచ్చి ఊరు విడవనూ వచ్చు. కాబట్టి ఇక్కడ పొగాకు కుటుంబాల చరిత్ర రాయబోతే అది పొగాకుతో మొదలై పొగాకుతో ఆగదు. పంటను పట్టుకుని సర్వే చేసినవాళ్లకు ఈ ఇల్లు ఒక ఏడు దొరికి మరో ఏడు జారిపోతుంది.

జిల్లాల సరిహద్దులు ఈ చిక్కును ఇంకా పెంచాయి. మార్కాపురం, గిద్దలూరు, కంభం ప్రాంతాలు 1970 దాకా కర్నూలు జిల్లావి. ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు అటు పోయాయి. 2022 ఏప్రిల్‌లో నంద్యాల విడి జిల్లా అయింది, కడప నుంచి రాజంపేట, రాయచోటి వైపు ప్రాంతాలు అన్నమయ్య జిల్లాలోకి వెళ్లాయి. 1960ల కర్నూలు పొగాకు విస్తీర్ణాన్ని ఇప్పటి కర్నూలు విస్తీర్ణంతో పోల్చి పంట తగ్గిందనో పెరిగిందనో చెప్పే వ్యాసాలను ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి.

సుంకం ఉన్నంత కాలం

వలసపాలన కాలపు రాతల్లో రెండు పుస్తకాలు అందరికీ మొదటి మెట్టు. గ్రిబుల్ రాసిన కడప జిల్లా మాన్యువల్ 1875లో, నరహరి గోపాలకృష్ణమ శెట్టి రాసిన కర్నూలు జిల్లా మాన్యువల్ 1886లో వచ్చాయి. కలెక్టర్ మన్రో 1800–1807 మధ్య దత్తమండలాల్లో వేసిన రైత్వారీ పునాది మీద నిలబడ్డ పుస్తకాలివి. నేల తరం, శిస్తు, పంట, కరువు: ఈ క్రమంలో లోకాన్ని చూస్తాయి. రైతంటే పట్టా ఉన్నవాడు. అతని ఇంట్లో ఎంతమంది ఉన్నారు, ఎవరు ఏ పని చేశారన్నది శిస్తు వసూలుకు అక్కర్లేదు కనుక వాటి చూపు అటు పోలేదు.

ఆశ్చర్యమేమంటే నాటు, బీడీ పొగాకు రైతును ప్రభుత్వం అత్యంత దగ్గరగా చూసింది రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో. 1943లో పొగాకు మీద కేంద్ర ఎక్సైజు సుంకం వచ్చింది, మరుసటి ఏడు ఎక్సైజు చట్టం వచ్చింది. పొగాకు వేసిన రైతు ఎక్కడ ఎంత వేశాడో ప్రకటించాలి. ఆకు ఆరబెట్టేవాడికి లైసెన్సు ఉండాలి. గోదాముకు లైసెన్సు, ఆకు కదలాలంటే పర్మిట్. ఇన్‌స్పెక్టర్ల వేధింపు కూడా ఆ కాగితాలతోనే వచ్చింది. 1979లో పచ్చి పొగాకు మీద సుంకం ఎత్తేశారు. రైతుకు అది పెద్ద ఊరట. ఆ ఊరటతో పాటే ఈ రకాల రైతుల పేర్లు రాసుకునే అవసరమూ పోయింది.

అంతకు ముందే, 1975 చట్టంతో పొగాకు బోర్డు ఏర్పడి 1976 జనవరి నుంచి గుంటూరు కేంద్రంగా పని మొదలుపెట్టింది. బోర్డు పరిధి వర్జీనియాకే. రైతు నమోదు, బ్యారన్ లైసెన్సు, సీజనుకు ఇంత పంటన్న పరిమితి, 1985 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో వేలం: ఇవన్నీ ఆ ఒక్క రకానికే. దాంతో 1980ల నుంచి వర్జీనియా రైతు గురించి ఏటేటా లెక్కలు పుట్టాయి. నంద్యాల రైతుకు మిగిలింది గ్రామ అడంగల్‌లో ఒక గడి. అందులో సర్వే నంబరు, పట్టాదారు పేరు, పంట ఉంటాయి. గుత్తకో కోరుకో తీసుకుని నిజంగా సేద్యం చేసిన మనిషి చాలాసార్లు అక్కడ కనపడడు.

బీడీ కార్మికుల సంగతి దీనికి పూర్తిగా భిన్నం. 1966లో బీడీ, సిగార్ కార్మికుల చట్టం, 1976లో సంక్షేమ నిధి చట్టం వచ్చాయి. గుర్తింపు కార్డులు, పిల్లలకు స్కాలర్‌షిప్పులు, ఇళ్ల పథకాలు నడిచాయి. వాటిలో ఎన్ని లోపాలున్నా, బీడీ చుట్టే మహిళ ఎవరో చెప్పే కాగితం ఒకటంటూ పుట్టింది. అదే ఆకును పొలంలో పండించి, ఆరబెట్టి, మండె వేసినవాళ్లకు అలాంటి కార్డు లేదు.

ఆదాయం అన్నవాళ్లు, ఆరోగ్యం అన్నవాళ్లు, అప్పు అన్నవాళ్లు

మొదటి వర్గం పొగాకు పరిశ్రమ, బోర్డు, పరిశోధన సంస్థలు, కొన్ని రైతు సంఘాలు. వీళ్ల కథ 1912లో గుంటూరులో ఐఎల్‌టీడీ కంపెనీ అడుగుపెట్టడంతో మొదలవుతుంది. 1920ల చివర్లో వర్జీనియా సాగు నిలదొక్కుకుంది, 1947లో రాజమండ్రిలో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ వచ్చింది. వాన మీద బతికే తేలిక నేలల్లో ఇంత డబ్బు తెచ్చే పంట మరొకటి చూపండని వీళ్ల సవాలు. 2023–24 సీజన్లో ఆంధ్ర వర్జీనియా సగటు ధర కిలోకు దాదాపు 288 రూపాయలు పలికినప్పుడు ఈ వాదం గట్టిగా వినపడింది. 2000–01లో అమ్ముడుపోని నిల్వల వల్ల పంట విరామం ప్రకటించినప్పుడు, 2015లో ధరలు పడిపోయి ప్రకాశంలో రైతుల ఆత్మహత్యలు జరిగినప్పుడు ఇదే వాదం గొంతు తగ్గించింది. మంచి ఏడాది లెక్క పట్టుకుని పంట స్వభావాన్ని నిర్ణయించడం ఈ వర్గపు పాత బలహీనత. పైగా ఎకరా లాభంలో ఇంటివాళ్ల కూలి ఎంత వేశారన్నది అడిగితే తప్ప బయటికి రాదు.

రెండో వర్గం ప్రజారోగ్యం నుంచి వచ్చింది. అహ్మదాబాద్‌లోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ పరిశోధకులు 1970ల చివర్లోనే గుజరాత్ పొగాకు కూలీల్లో తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతులు నమోదు చేశారు. తడి ఆకును తాకినప్పుడు నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి దిగి తెచ్చే జబ్బు అది. మలావీ, కెన్యా, జాంబియా, ఇండోనేసియాల్లో ఇటీవల జరిగిన సర్వేలు మరో మాట చెప్పాయి: ఇంటివాళ్ల కూలికి విలువ కడితే చాలా కుటుంబాలకు లాభం కరిగిపోతుంది. ఈ వాదంలో పస ఉంది. కానీ దాన్ని నంద్యాలకు తెచ్చేటప్పుడు జాగ్రత్త కావాలి. అడవులు నరికి బ్యారన్లు మండిస్తున్నారన్న విమర్శ వర్జీనియాకు సరిపోతుంది, ఎండకు ఆరే నాటు ఆకుకు సరిపోదు. కంపెనీ ఒప్పందంలో చిక్కుకున్న ఆఫ్రికా రైతుకూ, నోటి మాట మీద వ్యాపారికి ఆకు అప్పగించే రాయలసీమ రైతుకూ అప్పు తీరు ఒకటి కాదు. ఆరోగ్యం మాట వేరు. పొలంలో చేతికి అంటే జిగురు అన్ని రకాలకూ ఉంది.

మూడో వర్గం వ్యవసాయ రాజకీయార్థిక శాస్త్రం. రాయలసీమకు సంబంధించినంత వరకు ఈ చర్చకు పాత వేళ్లున్నాయి. మద్రాసు ప్రెసిడెన్సీ మెట్ట జిల్లాల్లో అప్పు, ధాన్యం, మార్కెట్టు కొద్దిమంది పెద్దరైతుల గుప్పిట్లో ఉండేవని 1970ల్లో చరిత్రకారుడు డేవిడ్ వాష్‌బ్రుక్ వాదించాడు. బళ్లారి ఆధారాలతో బ్రూస్ రాబర్ట్ 1983లో దాన్ని ఎదిరించాడు. చిన్న రైతు కూడా మార్కెట్టును వాడుకున్నాడన్నాడు. ఆ తగవు ఇప్పటికీ పూర్తిగా తీరలేదు. 2004లో జయతీ ఘోష్ అధ్యక్షతన రాష్ట్రం వేసిన రైతు సంక్షేమ కమిషన్ కౌలుదారులనూ బ్యాంకు రుణం అందని వాళ్లనూ చర్చ మధ్యలోకి తెచ్చింది. జాతీయ నమూనా సర్వే 2013లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ కుటుంబాల్లో 92.9 శాతం, 2018–19లో 93.2 శాతం అప్పుల్లో ఉన్నట్టు చెప్పింది. పంట ఏదైనా ఇంటికి అప్పుందంటే, పొగాకు మానితే బాగుపడతారన్న మాటా, పొగాకు వేస్తే బాగుపడతారన్న మాటా రెండూ సగం మాటలే అవుతాయి.

మూడింట్లో నాకు ఎక్కువ నమ్మకం కలిగించేది చివరిదే. అయితే దాని లెక్కల్లోనూ పొగాకు ఇల్లు విడిగా లేదు. ఇంటి అప్పు ఎంతో చెప్పే సర్వే, ఆ అప్పు పొగాకు విత్తనానికి తెచ్చారా, బోరుకు తెచ్చారా, కూతురి పెళ్లికి తెచ్చారా అన్నది జిల్లా స్థాయిలో చెప్పదు. ఒంటి మీద పడే దెబ్బ గురించి ఈ వర్గం మాట్లాడటమూ తక్కువ.

శనగ వచ్చాక

ప్రత్యామ్నాయ పంట గురించి ఢిల్లీలో పథకాలు రాసుకునే లోపే కర్నూలు రైతులు ఆ ప్రయోగం చేసి చూశారు. 1999లో విడుదలైన జేజీ–11 శనగ తక్కువ రోజుల్లో కోతకు వస్తుంది, ఎండుతెగులును తట్టుకుంటుంది, మిషనుతో నూర్చుకోవచ్చు. 2000ల మొదట్లో కర్నూలు, ప్రకాశం, అనంతపురం, కడప నల్లరేగళ్లలో అది చుట్టబెట్టేసింది. పొగాకు, పత్తి, జొన్న, పొద్దుతిరుగుడు వేసిన నేలలు శనగలోకి మారాయి. ఇక్రిశాట్ ఆర్థికవేత్తలు దీన్ని పెద్ద విజయంగా నమోదు చేశారు, దిగుబడి వరకు అది నిజమే.

కానీ ఆ నమోదు అంతా గింజ గురించి. పొగాకు నుంచి శనగకు మారిన ఇంట్లో ఏం మారింది? పొగాకు ఎకరాకు నారుమడి నుంచి మండె దాకా నెలల తరబడి చేతిపని ఉంటుంది. శనగకు విత్తేటప్పుడూ కోతకూ తప్ప మధ్యలో పెద్దగా మనిషి అక్కర్లేదు. భూమి ఉన్న ఇంటికి అది తెరిపి. అదే పొలంలో తలలు తుంచి, ఆకు కోసి కూలి తెచ్చుకున్న ఇంటికి పనిదినాలు పోయాయి. భూమి ఉన్నవాళ్లు గుత్త తీసుకుని సాగు పెంచుకున్నారు, లేనివాళ్లు వలస వెతుక్కున్నారు. కర్నూలు పడమటి మండలాల నుంచి ఇళ్లకు తాళాలేసి గుంటూరు మిరప కోతలకు సుగ్గికి పోయే కుటుంబాల మీద వార్తలు ఏటా వస్తాయి. శనగ విజయం గురించి రాసినవాళ్లూ, సుగ్గి కష్టం గురించి రాసినవాళ్లూ ఒకరి రాతలు ఒకరు చదివిన ఆనవాళ్లు తక్కువ.

శనగ కూడా కలకాలం కాపాడలేదు. 2010లలో నిల్వలు శీతల గిడ్డంగుల్లో పేరుకుపోయి, కొనేవాళ్లు లేక, గిడ్డంగి అద్దె, బ్యాంకు వడ్డీ రెండూ నెత్తిన పడ్డ ఏళ్లున్నాయి. కేంద్రం పంటల మార్పిడి కార్యక్రమాన్ని పొగాకు పండించే రాష్ట్రాలకు 2015–16లో విస్తరించింది. అంటే రైతులు తమంతట తాము మారి దశాబ్దం దాటాక, దాని చేదు కూడా రుచి చూశాక.

చేతుల లెక్క

పొగాకు మొక్క పూత దశకు రాగానే తల తుంచుతారు, అప్పుడే కింది ఆకు బరువెక్కుతుంది. తల తుంచిన మర్నాటి నుంచి కణుపు కణుపునా పిలకలు లేస్తాయి. వాటిని రోజుల తేడాతో మళ్లీ మళ్లీ గిల్లాలి. వేళ్ల మీద బతికే పొగాకు మల్లె అనే పరాన్న కలుపు మట్టి చీల్చుకుని పైకి రాగానే, విత్తనం కట్టకముందే పీకి పొలం బయట వేయాలి. ఒక్క మొక్క విత్తనం రాలిస్తే ఆ నేలను ఏళ్ల తరబడి వదలదు. ఇదంతా వంగి చేసే పని, ఎక్కువగా ఆడవాళ్లు చేసేది. పొద్దున మంచు తడి మీద మొదలుపెడితే మధ్యాహ్నానికి వేళ్ల మీద జిగురు నల్లగా గట్టిపడుతుంది. సబ్బుకు వదలదు, అన్నం ముద్ద చేదెక్కుతుంది.

ఇంటి పొలమైతే ఈ పనికి కూలి రాసే చోటే లేదు. సాగు ఖర్చు లెక్కల్లో ‘కుటుంబ శ్రమ’ అని ఒక వరస ఉంటుంది, కానీ అందులో అత్తా, కోడలూ, బడి మానిన పిల్లా విడివిడిగా కనపడరు. కర్నూలు జిల్లాలోనే పక్క పంటకు ఏం జరిగిందో చూస్తే ఈ లోటు పూడ్చలేనిది కాదని తెలుస్తుంది. సంకర పత్తి విత్తన క్షేత్రాల్లో పూల మీద పని చేసిన ఆడపిల్లల గురించి 1990ల చివరి నుంచి దావులూరి వెంకటేశ్వర్లు చేసిన అధ్యయనాలు ఎవరు, ఏ వయసు, ఎన్ని గంటలు, ఎవరి అడ్వాన్సు కింద అన్నది వివరంగా రాశాయి. ఆ రాతలు విత్తన కంపెనీలను జవాబు చెప్పుకునే స్థితికి తెచ్చాయి. అదే జిల్లాలో పొగాకు పొలంలో వంగిన ఆడపిల్లకు అలాంటి అధ్యయనం రాలేదు.

ఎలా రాయాలన్న తగవు

నమోదు పద్ధతి మీద కూడా రెండు బాణీలున్నాయి. ఒకటి సర్వే బాణీ. 1961 జనగణనతో పాటు ఆంధ్రప్రదేశ్‌లో గ్రామాల మీద వెలువడిన మోనోగ్రాఫులు ఇల్లు, తిండి, అప్పు, పండుగ అన్నీ ఒకచోట చేర్చాయి. 2005–06లో వి.కె. రామచంద్రన్ బృందం అనంతపురం జిల్లా బుక్కచెర్లతో సహా మూడు ఊళ్లలో ఇంటింటి సర్వే చేసింది. ఒక ఊరిని మొత్తంగా చూడటం దాని బలం. అయితే ఒక్క ఏడాదే చూస్తుంది.

రెండోది కథన బాణీ. 2014లో మొదలైన గ్రామీణ కథనాల వెబ్‌సైటు పారి, జిల్లా పేజీల విలేకరులు, సీమ కథకులు ఈ వరసలోకి వస్తారు. కేతు విశ్వనాథరెడ్డి, సింగమనేని నారాయణ, సన్నపురెడ్డి వెంకట్రామిరెడ్డి రాతల్లో మెట్ట రైతు ఇల్లు లోపలి నుంచి కనిపిస్తుంది. అప్పు అడిగే గొంతు, అన్నదమ్ముల పంపకం, వాన కోసం చూసే చూపు ఏ పట్టికలోనూ పట్టవు. కాకపోతే సీమ గురించి రాసేటప్పుడు కరువు, బోరు, ఫ్యాక్షన్ ముందుకొస్తాయి. ఒకే ఇల్లు పదేళ్లలో మూడు పంటలు మార్చిన సంగతి వెనక్కి పోతుంది. కర్ణాటకలోని నిప్పాణిని చూడండి. 1981లో శరద్ జోషి నాయకత్వంలో పొగాకు రైతులు రహదారి మీద కూర్చున్నారు, కాల్పుల్లో మనుషులు చనిపోయారు. దాంతో మరాఠీలో రైతుల గురించీ, అక్కడి బీడీ మహిళల గురించీ రాతలు మిగిలాయి. నంద్యాలలో అంతటి ఉద్యమం జరగలేదు, అంత రాతా పుట్టలేదు.

ఈ రెంటి మధ్య మూడో దారి మన ఇంటి దగ్గరే ఉంది. 2002లో మొదలైన యంగ్ లైవ్స్ అధ్యయనం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 3,000 మంది పిల్లలను ఏళ్ల తరబడి వెంబడించింది. ఎంచుకున్న జిల్లాల్లో కడప ఒకటి. పంట మారినా, ఊరు మారినా, అదే మనిషిని మళ్లీ వెతికి పట్టుకోవడం దాని పద్ధతి. పొగాకు కుటుంబాలకు కావలసింది ఇదే: పంటను కాక ఇంటిని వెంబడించడం. ఇది ఖర్చుతో కూడిన పని, ఏళ్లు పట్టే పని. అందుకే ఎవరూ పూనుకోలేదని సర్దుకోవచ్చు గానీ, ఇదే కాలంలో ఆకు ఉత్పత్తి, ఎగుమతుల లెక్క ఏ ఏడూ ఆగలేదు.

ఇంకా తేలనివి

2025 వేసవిలో నల్లబర్లీ ధర కూలినప్పుడు బాపట్ల, గుంటూరు, పల్నాడు, ప్రకాశం రైతులు రోడ్డెక్కారు. బోర్డు పరిధి బయటి ఆకు కావడంతో వేలం లేదు. రాష్ట్ర ప్రభుత్వం మార్క్‌ఫెడ్ ద్వారా కొనిపించింది, మేలు రకానికి క్వింటాకు 12,000 రూపాయలు ఇచ్చింది, తర్వాతి సీజనులో ఆ పంట వేయొద్దంది. నాటు, బీడీ, బర్లీ రైతులను కూడా బోర్డు కిందికి తేవాలా అన్న పాత ప్రశ్నను ఇది మళ్లీ లేపింది. తెస్తే రైతుకు వేలమూ గుర్తింపూ వస్తాయి. వాటితో పాటు పరిమితి, లైసెన్సు, జరిమానా వస్తాయి. ఏటా పంట మార్చుకోగలగడమే బలంగా బతికిన నంద్యాల రైతుకు ఈ బేరం ఎంత గిట్టుబాటు అన్నది ప్రకాశం అనుభవం నుంచి చెప్పగలిగేది కాదు.

ఈ–పంట నమోదు కొంత ఆశ కలిగిస్తోంది. సీజను సీజనుకు ఏ సర్వే నంబరులో ఎవరు ఏం వేశారో అందులో చేరుతోంది కనుక, పదేళ్ల నమోదులను ఒకే పేరు మీద పేర్చి చూస్తే పంటల మధ్య ఇంటి ప్రయాణం కనపడాలి. అయితే కౌలు కార్డు ఇప్పించడానికి భూయజమాని ఒప్పుకోని చోట అందులో చేరేది మళ్లీ పట్టాదారు పేరే. 1886 నాటి మాన్యువల్‌కు కనపడిన మనిషి ఎవరో ఇప్పటి ట్యాబ్‌కు కనపడేదీ ఆ మనిషే అవుతాడు.

పిల్లల సంగతి మీద భిన్నాభిప్రాయం ఇంకా గట్టిది. పొగాకు డబ్బుతో కొడుకును ఇంజినీరింగు చదివించి హైదరాబాద్‌కో బెంగళూరుకో పంపిన ఇంటిని మొదటి వర్గం తన విజయంగా రాసుకుంటుంది, రెండోది పొగాకు నుంచి విముక్తిగా, మూడోది సేద్యం గిట్టక వదిలిన ఇల్లుగా. మూడు పుస్తకాల్లోకీ ఎక్కేది ఒకే ఇల్లు. ఆ ఇంట్లో పిలకలు గిల్లి ఆ ఫీజు కట్టిన ఆడమనిషి ఇప్పుడు ఏ పొలంలో ఉంది, ఎవరి కింద పని చేస్తోంది, మోకాళ్ల నొప్పికి ఏ డాక్టరు దగ్గరకు పోతోంది అన్న ప్రశ్నలు ఈ మూడు వర్గాల ప్రశ్నావళుల్లోనూ లేవు.